చెత్త బండి వెంట పరిగెత్తిన సియా అక్క

మా షుయ్‌వెయ్‌ ఊళ్లో గోడ గడియారం ఆగిపోయినా ఎవరూ పట్టించుకోరు. చెత్త బండి పాట వినపడిందంటే సాయంత్రం ఏడయినట్టే. ఆ పియానో పాట వీధి చివర మొదలవ్వగానే అన్నం తినేవాళ్లు చేతిలోని తినే పుల్లలు గిన్నె మీద పెట్టేస్తారు, స్నానం చేసేవాళ్లు తలకి తువ్వాలు చుట్టుకుంటారు, అందరూ సంచులు పట్టుకుని కిందికి దిగుతారు. మా దగ్గర చెత్త రోడ్డు మీద పెట్టి పోకూడదు. ఎవరి చెత్త వాళ్లే చేత్తో తెచ్చి బండిలో వెయ్యాలి. బండి తప్పిపోయిందా, ఆ రొయ్యల పొట్టు మర్నాటి దాకా ఫ్రీజర్లో మనం తినే కుడుముల పక్కన పడుకోవాల్సిందే.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, మా కాంగ్ యుయేసియా, అదే మా సియా అక్క, మేయరు పదవికి నిలబడిందే ఈ బండి మూలంగా. నేను పొద్దుటి బజార్లో పంది మాంసం అమ్మే ఆడమనిషిని. నా కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఆవిడ టిఫిను కొట్టు. నేను కత్తి నూరుకుంటుంటే ఆవిడ పెనం వేడి చేసుకుంటుంది. ఇరవై ఏళ్ల నుంచీ మా ఇద్దరికీ తెల్లారేది అలాగే.

సియా అక్క పక్క ఊళ్లో మలుగుపాము చేపలు పట్టే ఆయన కూతురు. తొమ్మిదో తరగతితో చదువు ఆపేసి బట్టల మిల్లులో చేరింది. అక్కడే ఆషున్ బావ కనపడ్డాడు, పెళ్లి చేసుకుంది. బావ రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆయన వాటా కూడా ఈవిడే మాట్లాడుతుంది. మిల్లు మూతపడ్డాక ఇద్దరూ కలిసి కొట్టు పెట్టారు. గుడ్డట్లు, ముల్లంగి దిబ్బరొట్టి, సోయాపాలు. వచ్చిన ప్రతి మగాణ్ణీ "ఏం కావాలి అందగాడా" అంటుంది, అరవై ఏళ్ల ముసలామెని కూడా "చెప్పు అందాలరాణీ" అంటుంది. ఆ మాట కోసమే వచ్చే ముసలాళ్లున్నారు. నాకు తెలుసు, వాళ్లలో సగం మంది పళ్లు లేనోళ్లే.

కిందటేడు వసంతంలో ఒక పొద్దున వాన్‌యూ అనే పిల్ల స్కూటరు ఆపి సోయాపాలు అడిగింది. కంప్యూటరు చిప్పుల ఫ్యాక్టరీ వచ్చాక కాలవ అవతల కట్టిన కొత్త ఫ్లాట్లలో ఉంటుంది. స్కూటరు కొక్కేనికి ఒక చెత్త సంచి వేలాడుతోంది.

"ఏంటే అందాలరాణీ, చెత్తక్కూడా టిఫిను పెట్టిస్తావా?" అంది సియా అక్క.

"మా వైపు బండి నాలుగింటికొస్తుంది పిన్నీ. అప్పుడు మేమంతా ఫ్యాక్టరీలో ఉంటాం. ఎక్కడైనా వేద్దామని దీన్ని వెంటేసుకుని తిరుగుతున్నా. ఈ ఊరు నాకంటే దీనికే బాగా తెలుసు."

అందరూ నవ్వారు. మూల బల్ల దగ్గర మేయరు యెన్ చింగ్‌ఫా గారు కూడా నవ్వాడు. ఆయనది రోజూ అదే బల్ల, అదే అట్టు. చెడ్డవాడని అనను. ఊళ్లో ఎవరు చచ్చిపోయినా దండ పట్టుకుని మొదట వచ్చేది ఆయనే. కానీ కిందటిసారి ఎవరూ పోటీ లేకుండా గెలిచాడు. పోటీ లేనివాడికి చెవులు కాస్త మందగిస్తాయి.

"విన్నారా మేయరు గారూ?" అంది సియా అక్క పెనం దగ్గర్నుంచి.

"విన్నా. ఆ ఫ్లాట్లలో ముప్పాతిక మందికి ఇక్కడ ఓటే లేదు. పేర్లన్నీ సొంతూళ్లలోనే ఉంచుకున్నారు. ఎన్నికలొస్తే రైలెక్కి అక్కడికే పోతారు. ఓటు లేనోళ్ల కోసం రాత్రి పూట బండి తిప్పమంటావా?"

"ఓటు లేనోళ్ల చెత్త కంపు కొట్టదా?"

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. యెన్ గారు కూడా నవ్వుతూనే మూతి తుడుచుకున్నాడు. "అంత కడుపుమంటగా ఉంటే నువ్వే నిలబడు సియా. ముందు అట్టు మాడుతోంది చూసుకో."

నిజంగానే మాడింది. ఇరవై ఏళ్లలో ఆవిడ అట్టు మాడ్చగా నేను చూడలేదు. దాన్ని అట్లకాడతో ఎత్తి ఆయన పళ్లెంలోనే వేసింది.

"నిలబడతా," అంది.

కొట్టు కట్టేశాక నేను వెళ్లి అడిగాను. "అక్కా, కోపంలో అన్నావా, నిజంగానా?"

"నవ్వుతూ అన్నాడు చూశావా బావ్‌జూ, అది నాకు నచ్చలా. ఆ పిల్ల ఎదురుగానే ఉంది. ఫ్లాట్లకి రాత్రి బండి తెప్పిస్తానని దానికి మాటిచ్చేశా."

"ఎప్పుడిచ్చావు?"

"పొద్దున్నే, అది స్కూటరు స్టార్టు చేస్తుంటే."

ఆషున్ బావ గిన్నెలు కడుగుతూ తల తిప్పాడు. "ఓడిపోతే?"

"ఓడితే పొద్దున్నే లేచి అట్లేస్తా. గెలిస్తే కూడా పొద్దున్నే లేచి అట్లేస్తా. అట్లకొచ్చిన లోటేముంది? ఓడితే ఆ బండి రాదు, అంతే."

బావ చేతిలో గిన్నె బోర్లించి, "అయితే గెలువు," అన్నాడు. ఆ రోజుకి ఆయన మాటల కోటా అయిపోయింది.

నిలబడ్డం తేలికే. జనం ఎక్కడ దొరుకుతారు? యెన్ గారికి గుడి కమిటీ ఉంది, రైతు సంఘం ఉంది, గుండ్రటి బల్లలేసి విందు పెడితే రోడ్డు మూసుకుపోతుంది. మాకున్నది నాలుగు స్టూళ్లు, ఒక పెనం, కూరగాయలు తెచ్చుకునే చిన్న నీలం ట్రక్కు. ఇంటింటికీ వెళ్తే తలుపు తీసేవాళ్లు లేరు. తీసినా టీవీ మీద నుంచి కళ్లు తిప్పరు. నాలుగు రోజులకి నా చెప్పులు తెగిపోయాయి గానీ ఒక్క ఓటూ కదిలినట్టు లేదు.

ఐదో రోజు సాయంత్రం ఇద్దరం కొట్టు మెట్ల మీద కూలబడి కాళ్లు పిసుక్కుంటున్నాం. వీధి చివర పియానో మొదలైంది. టక టకా తలుపులు తెరుచుకున్నాయి. మేడ మీది డాక్టరు గారు, కింది మంగలాయన, పురిటి పిల్లని వీపుకి కట్టుకున్న కోడలు, వీల్‌చైర్లో ముసలాయన ఒళ్లో సంచి. వీధంతా నిండిపోయింది.

సియా అక్క నా మోకాలు గట్టిగా పట్టుకుంది. "బావ్‌జూ. చూడు. ఒక్కళ్లు కూడా ఇంట్లో లేరు."

అలా మొదలైంది. మర్నాటి నుంచీ బండి కంటే ముందు స్కూటరు మీద వెళ్లి ప్రతి మలుపులోనూ నిలబడేవాళ్లం. అది మునిసిపాలిటీ బండి, దాని మీద చెయ్యి వేసినా జెండా తగిలినా కేసు పెడతారు. అందుకని మూడు బారల దూరంలో నిలబడాలి. బండి ఆగేది కాసేపే కాబట్టి ఉపన్యాసం కుదరదు. ఆవిడ ఉపన్యాసం మొత్తం ఇదే: "నేను గుడ్డట్టు సియాని. ఫ్లాట్లకి రాత్రి బండి పంపిస్తా. మీ ఏడు గంటల బండి మీకే ఉంటుంది. అమ్మమ్మా, ఆ సంచి ఇటియ్యి."

జనం ఊరుకుంటారా?

"ఈ మధ్య అట్లలో ఉల్లికాడలు తగ్గాయి సియా."

"గెలిచాక ఎక్కువేస్తాలే అన్నా."

"నోరు ముయ్యి, అది ఓటుకి లంచం కిందకొస్తుంది. జైల్లో వేస్తారు."

"జైల్లో మాత్రం అట్లు వెయ్యాలిగా ఎవరో ఒకరు?"

బండి నడిపే ఆహోక్ మా బజారు వాడే. రోజూ పొద్దున సియా అక్క కొట్లో రెండు అట్లు తింటేగాని స్టీరింగు పట్టుకోడు. కానీ మునిసిపాలిటీ ఉద్యోగి ఎన్నికల్లో ఎవరి వైపూ ఉండకూడదు కదా. అందుకని ఆవిడ నిలబడిన రోజు నుంచీ కొట్టుకి రావడం మానేశాడు, పలకరించడం మానేశాడు, ఎదురుపడితే ఆకాశం వైపు చూసేవాడు. పొద్దున్నే వేరే చోట ఆవిరి బన్ను తిని మొహం వేలాడేసుకుని పోయేవాడు. ఒక్క సంగతి మాత్రం నేను కనిపెట్టాను. మేం నిలబడిన మలుపుల్లో ఆ బండికి బ్రేకు కాస్త ఎక్కువసేపు పట్టేది. అడిగితే పాత బండి అనేవాడేమో.

ముసలాళ్ల భయం ఒకటే. మాంగ్ అమ్మమ్మ అని మా వీధిలో పెద్దావిడ, ఎనభై దాటాయి, వేలు చూపించి మరీ అడిగింది. "ఆ ఫ్లాట్ల వాళ్లకి రాత్రి బండి ఇస్తే మా ఏడు గంటల బండి ఎనిమిదవుతుందా? ఎనిమిదికి నేను పడుకుంటా."

"అవ్వదు అమ్మమ్మా. అటు మధ్యాహ్నం వెళ్లేది మీ వీధి అయ్యాక వెళ్తుంది. మీ ఏడు ఏడే."

"యెన్ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నిన్ను ఇరవై ఏళ్ల నుంచేగా తెలుసు. వాడికే వేస్తా," అంది, సంచి మాత్రం సియా అక్క చేతికే ఇచ్చి.

ఓటు చీటీ మీద వరస నంబరుకి చీట్లు తీసిన రోజు సియా అక్కకి ఒకటో నంబరు వచ్చింది. ముల్లంగి మా దగ్గర మంచి శకునం, అందుకని బజారు వాళ్లు ఆకులతో సహా తెల్ల ముల్లంగులు దండ గుచ్చి మెడలో వేశారు. టపాకాయల పొగలో నాకేమీ కనపడలేదు. ముల్లంగి బరువుకి మెడ ఒంగిపోతోంది, అయినా తియ్యనివ్వదు. ఆ మర్నాడు వాటితోనే దిబ్బరొట్టి వేసింది. పారేసే గుణం లేదు ఆవిడకి.

చలి మొదలయ్యేసరికి గాలి మారింది. బండి దగ్గర జనం చెత్త వేశాక కూడా లోపలికి పోకుండా నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆ సంగతి యెన్ గారి చెవిన పడింది. అప్పుడు చేశాడు ఆయన ఆ తప్పు. ఇంకో ఊరివాడు చేస్తే తెలియక చేశాడనుకోవచ్చు. ఇక్కడే పుట్టి పెరిగి ఎలా చేశాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. సియా అక్కకి జనం దొరక్కుండా చెయ్యాలని బండి వేళలు మార్చేశాడు. ఒకరోజు ఆరున్నర, ఒకరోజు ఏడుంపావు, ఒకరోజు అటు నుంచి ఇటు. కారణం అడిగితే రోడ్డు పని అన్నారు. రోడ్డు మీద గునపం దెబ్బ కూడా లేదు.

మొదటి రోజు జనం గొణుక్కున్నారు. రెండో రోజు తిట్టుకున్నారు. ఎవరి ఫ్రీజరు తెరిచినా చేప తలకాయలే. మంగలాయన పెళ్లాం పిల్లలకి ఐస్‌క్రీం తియ్యబోయి కోడి పేగులు తీసిందట.

ఇంక ఎన్నికలకి వారం ఉందనగా శుక్రవారం. మా నీలం ట్రక్కుకి జెండాలు కట్టి, బావ నడుపుతుంటే, నేను మైకు పట్టుకుని, మేముండే పాత వీధిలోకి తిరిగాం. సియా అక్క వెనక నిలబడి చేతులూపుతోంది. అప్పటికే బండి వచ్చి వెళ్లిపోయింది. అందరూ అన్నాల దగ్గరున్న వేళ చూసి దూసుకుపోయింది. వీధి నిండా జనం, చేతుల్లో సంచులు, కాళ్లకి ఇంటి చెప్పులు. డాక్టరు గారి చెంప మీద సబ్బు నురగ అలాగే ఉంది. పాట దూరంగా వినపడుతోంది గానీ బండి లేదు.

మాంగ్ అమ్మమ్మ ముందుకొచ్చి, మా ట్రక్కు వంకా, తన సంచి వంకా చూసింది. చూసి, సంచిని ఎత్తి సియా అక్క కాళ్ల దగ్గర పడేసింది.

"నీకు ఓటెయ్యను గానీ, ఇది పట్టుకెళ్లు," అంది.

ఇంకేముంది. డాక్టరు గారు వేశాడు, మంగలాయన వేశాడు, చూస్తుండగా జెండాలు మునిగిపోయేంత గుట్ట. ఎవరో చేపల నీళ్లు కారే సంచి వేస్తే అది ఆవిడ మెడలో వేసుకున్న పేరు పట్టీ మీద కారింది.

"అక్కా, మనది సొంత బండి. చెత్త మోస్తే జరిమానా వేస్తారు," అన్నాను చెవిలో.

"వేస్తే వెయ్యనీ. బావా, పోనియ్యి. పాట ఎటు వినపడుతుందో అటు పోనియ్యి."

ఆషున్ బావ నెమ్మదస్తుడు కదా, ఆ రోజు ఆయన కాలికి ఏం పూనిందో తెలీదు. బజారు దాటాం, గుడి దాటాం. వెనక స్కూటర్లు, ఒక్కో స్కూటరు మీద ఇద్దరు, ఇద్దరి చేతుల్లోనూ సంచులు. దాని వెనక సైకిళ్లు. నేను మైకులో "ఆహోక్, ఆగు నాయనా, ఆగు" అని అరుస్తున్నాను. ఆ అరుపు విని ఇళ్లలోంచి మిగతావాళ్లు కూడా సంచులతో పరిగెత్తుకొచ్చి కలిశారు. సియా అక్క ఒక చేత్తో ట్రక్కు కమ్మీ, ఇంకో చేత్తో చెత్త గుట్ట పట్టుకుని, జుట్టంతా రేగిపోయి, దారిలో కనపడ్డవాళ్లని "వెయ్యి అందగాడా, వెయ్యి, చోటుంది" అని పిలుస్తోంది. నేను చూసిన ఊరేగింపుల్లో అంత ఉత్సాహంగా జరిగింది ఇంకోటి లేదు. దేవుడి పల్లకీ వెనక కూడా మా వాళ్లు అంత వేగంగా నడవరు.

కాలవ వంతెన దగ్గర ఎర్ర లైటు పడింది. ఆహోక్ ఆగాడు. ఆకుపచ్చ పడింది. ఆహోక్ కదల్లేదు. మళ్లీ ఎర్రది పడింది. అతను కిటికీలోంచి ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు. అందరం గుట్టంతా మోసి బండిలో వేశాం. చివరి సంచి పడగానే పాట మళ్లీ మొదలైంది, వంతెన దిగి వెళ్లిపోయాడు.

ఎవరో తీసిన ఆ ఊరేగింపు వీడియో పొద్దుటికల్లా ఊరందరి ఫోన్లలో ఉంది. జరిమానా చీటీ కూడా వచ్చింది. సియా అక్క దాన్ని కట్టేసి, రసీదు కొట్టు గోడకి అంటించింది. సోమవారం నుంచి బండి మళ్లీ సరిగ్గా ఏడింటికే వచ్చింది. యెన్ గారు వీధిలో నిలబడి రోడ్డు పని అయిపోయిందని చెప్పుకున్నాడు.

ఎన్నికల రోజు ఫ్లాట్ల వాళ్లు చాలామంది రైలెక్కి సొంతూళ్లకి పోయారు. వాన్‌యూ కూడా పోయింది. పోతూ పోతూ కొట్టు దగ్గర ఆగి కళ్లనీళ్లు పెట్టుకుంది. "పిన్నీ, మా కోసం నిలబడ్డావు, నేనేమో ఎవరో తెలియనోడికి ఓటెయ్యడానికి పోతున్నా."

"పోయి మీ అమ్మ చేతి వంట తిని రా. ఇక్కడ ఓట్లు మా వాళ్లు వేస్తారు," అంది సియా అక్క. ధైర్యంగానే అంది గానీ ఆ పొద్దున మూడు అట్లు మాడ్చింది.

నాలుగింటికి ఓట్లు ఆగాయి. స్కూల్లో లెక్క మొదలైంది. ఒక్కో చీటీ తీసి, ఎత్తి అందరికీ చూపించి, నంబరు చదువుతారు. గోడకంటించిన కాగితం మీద ఇంకొకరు గీత గీస్తారు. ఐదు గీతలైతే ఒక గుర్తు. కిటికీల్లోంచి మేమంతా తలలు దూర్చాం. "ఒకటి." "రెండు." "రెండు." "రెండు." తర్వాత "ఒకటి," "ఒకటి," మళ్లీ "ఒకటి." మా పాత వీధి పెట్టె అది. యెన్ గారి పుట్టిన వీధి. అక్కడ ఆయన గీతలు మూడు వరసలుంటే ఆవిడవి నాలుగయ్యాయి. నేను పక్కనున్నాయన చొక్కా పట్టుకుని లాగుతున్నానట, గుండీ ఊడిపోయింది. ఎవరా అని చూస్తే ఆయన యెన్ గారి తమ్ముడు. "ఉండనీలే వదినా," అన్నాడు పాపం.

మొత్తం మీద ఓట్ల తేడా ఎంతో కాదు, మా బజారు మొత్తాన్ని గుడి మండపంలో కూర్చోబెడితే సరిపోయేంత. అయినా గెలుపు గెలుపే. టపాకాయలు, డప్పులు. ఆషున్ బావ ఏడ్చాడు. మాటలకి కోటా ఉంది గానీ ఏడుపుకి లేదని అప్పుడే తెలిసింది.

మా దగ్గర గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఊరంతా తిరిగి దణ్ణం పెట్టాలి. సోమవారం సాయంత్రం మేం నీలం ట్రక్కు మీద బయల్దేరాం. గుడి వెనక సందులోకి తిరిగేసరికి ఎదురుగా యెన్ గారి ట్రక్కు. ఆయన కూడా పట్టీ వేసుకుని, గొంతు పోయి, వంగి వంగి దణ్ణాలు పెడుతున్నాడు. సందు ఒక్క బండికే సరిపోతుంది. ఆయన వెనక్కి పోదామంటే వెనక పియానో మొదలైంది. ఆహోక్ వచ్చేశాడు. ఏడయింది మరి.

తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరు నాయకులు ఎదురెదురుగా నిలబడి ఉంటే ఊరి వాళ్లు చెత్త సంచులతో మధ్యలోకి వచ్చారు. మాంగ్ అమ్మమ్మ యెన్ గారి ట్రక్కు దగ్గరికెళ్లి తన సంచి ఆయన చేతిలో పెట్టింది.

"నీకే ఓటేశా. నువ్వే పట్టుకో."

యెన్ గారు సంచి పట్టుకుని కిందికి దిగాడు. సియా అక్క కూడా దిగింది. ఇద్దరూ వంగి ఒకరికొకరు దణ్ణం పెట్టుకున్నారు. అందరి దగ్గరా సంచులు అందుకుని బండిలో వెయ్యడం మొదలుపెట్టారు.

"ఫ్లాట్లకి ఎన్నింటికి పంపిస్తావు?" అన్నాడు ఆయన, వేస్తూ.

"ఎనిమిదింటికి."

"అక్కడ ఏడు అంతస్తులు. దిగడానికి టైము పడుతుంది. ఎక్కువసేపు ఆపమను."

"ఆపేవాడున్నాడు లెండి," అంది సియా అక్క.

అప్పుడు ఆహోక్ కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. నెలల తర్వాత మొదటిసారి మొహంలోకి చూసి మాట్లాడాడు.

"అక్కా, ఎన్నికలైపోయాయి కదా. రేపు పొద్దున నాకు మూడు అట్లు. ఉల్లికాడలు ఎక్కువెయ్యి. ఆ ఆవిరి బన్నులు తినలేక చచ్చాను."